మీటరునకు కనబడని మందు
నీటియంత్రపు పొర గుండా విషములు పోవు విధము

క్రిందటి నెల సంఘసమావేశము ముగిసి అందరును టీ త్రాగుచుండగా ఒక పెద్దరైతు నీళ్ల గ్లాసొకటి నా చేతికిచ్చి, "సారూ, గీ నీళ్లల్ల మీటరు పెడితే నలభై చూపెట్టింది. మా బోరు నీళ్లల్ల తొమ్మిది వందలు చూపెట్టె. ఇగ గీ నీళ్లకు ఫికరేముంది చెప్పుండ్రి" అని అడిగెను. ఆ గ్లాసులోని నీరు మిక్కిలి తేటగా నుండెను. రుచియు బాగుండెను. "భయము లేదు తాతా" అని చెప్పి నేనును త్రాగితిని. కాని ఇంటికి మరలి వచ్చుచుండగా ఆయన ప్రశ్నకు నేను సరియైన జవాబు చెప్పలేదని తోచినది. ఆయన బోరునకు పది బారల దూరములోనే మందుకొట్టు డబ్బాలను కడుగు బండ యున్నది. దానిని నేనే చూచియున్నాను. నలభై యను ఆ లెక్క ఆ బండను గూర్చి ఏమియు చెప్పదు. ఎందుకు చెప్పదో వివరించుటకే ఈ పాఠము.

చిలుకూరు మొదలు చేవెళ్ల వరకు నేడు ఏ గ్రామమునకు పోయినను నీటియంత్రము కనబడును. కొన్ని పంచాయతీవి, కొన్ని సొంతదారులవి. ఇరువది లీటర్ల డబ్బాను సైకిలుమీదనో మోటారుసైకిలుమీదనో కట్టి ఇంటింటికిని చేర్చుచున్నారు. ఇవి యన్నియు ఆర్.ఓ. యంత్రములు. ఉప్పునీటిని తీపి చేయుటలోను, ఫ్లోరైడును తీసివేయుటలోను వీనికి సాటి లేదు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీటివలన కాళ్లు వంకరపోయిన కుటుంబములను చూచినవారెవరును ఈ యంత్రమును నిందింపజాలరు. నేనును నిందించుట లేదు. యంత్రము తాను చేయగల పని చేయుచున్నది. అది చేయజాలని పనిని కూడ చేయుచున్నదని మనము నమ్ముటయే చిక్కు.

నేను చదువుకొన్న మిషను బడిలో సైన్సు మాస్టరుగారొకరు ప్రతి సంవత్సరమును ఒకే ప్రయోగముతో పాఠము మొదలుపెట్టెడివారు. గిన్నెడు నీటిలో పది ఎండుద్రాక్షలు వేసి బల్లమీద పెట్టి, "రేపు చూడుడు" అని వెళ్లిపోయెడివారు. మరునాడు ద్రాక్షలు ఉబ్బి గుండ్రనై యుండెడివి. వానిని తీసి చిక్కని ఉప్పునీటిలో వేసిన మరల ముడుచుకొనెడివి. ద్రాక్షతొక్క నీటిని పోనిచ్చును, లోపలి చక్కెరను మాత్రము సులభముగా వెలికి రానీయదు. పలుచని నీటివైపునుండి చిక్కని నీటివైపునకు నీరు తనంతట తానే పోవును. దీనినే ద్రవాభిసరణమందురు. 1748లో ఫ్రాన్సు దేశమున నొల్లే అను పాదిరీ సారాయము నింపిన పాత్ర మూతికి పంది మూత్రాశయపు తోలు బిగించి నీటిలో ముంచగా, ఆ తోలు ఉబ్బి పైకి పొంగినదట. అదియు ఇదే సంగతి.

చిక్కని నీటివైపున మోటారుతో గట్టిగా ఒత్తిన, నీరు వెనుకకు నడచును. ఉప్పు ఒకవైపున నిలిచిపోవును, మంచినీరు రెండవవైపున చేరును. ఈ విద్యకు తగిన పొరను అమెరికాలోని లాస్ ఏంజలీసు విశ్వవిద్యాలయములో 1959 ప్రాంతమున సిద్ధము చేసిన ఇద్దరిలో ఒకరు సిడ్నీ లోబ్, రెండవవారు భారతీయుడైన శ్రీనివాస సౌరిరాజన్. నాటి పొర సెల్యులోజుతో చేసినది. నేడు మన ఊరి యంత్రములలో నున్నది పాలిఅమైడు పొర. అనగా నైలాను జాతిది. ఉప్పును ఆపు పై పూత మందము మిల్లీమీటరులో సుమారు పదివేలవంతు మాత్రమే. మన తలవెండ్రుక దానికంటె కొన్ని వందలరెట్లు లావు. అంతటి పలుచని పూతమీద మన ఆరోగ్యము ఆధారపడి యున్నది.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. యంత్రము పెట్టినవారు సాధారణముగా, "లోపల సన్నని జల్లెడ యున్నది, చెడుగు పైన నిలుచును, నీరు దిగును" అని చెప్పుదురు. ఇది సగము నిజము. పిండి జల్లించునపుడు గింజ పరిమాణమొక్కటే లెక్క. పెద్దది నిలుచును, చిన్నది జారును. ఈ పొర అట్టి జల్లెడయే యయినచో ఒక చిక్కు వచ్చును. నీటి అణువు బరువు 18 తులములనుకొందము. ఆ త్రాసులో మనము కూరలో వేయు ఉప్పు 58, పైరుకు చల్లు యూరియా 60 తూగును. రెండును ఇంచుమించు సమానమే, యూరియాయే కొంచెము ఎక్కువ. జల్లెడ న్యాయము ప్రకారము ఉప్పు ఆగినచో యూరియాయు ఆగవలెను. కాని యంత్రము ఉప్పును నూటికి తొంబది పాళ్లకు పైగా ఆపును. యూరియాను అట్లు ఆపజాలదు. అందులో చెప్పుకోదగిన భాగము మంచినీటితో కలిసి దిగిపోవును. కావున జల్లెడ మాటను ప్రక్కన పెట్టవలెను.

మన వంటింటిలోనే దీనికి మంచి ఉదాహరణము కలదు. ఇంగువ పొట్లమును పాలితీన్ కవరులో పెట్టి మూతి గట్టిగా కట్టుడు. మరునాటికి అలమర యంతయు ఇంగువ వాసన కొట్టును. బట్టలపెట్టెలో వేయు కలరా ఉండలును అంతే. కవరునకు చిల్లు లేదు. నీరు పోసి చూచిన చుక్క కారదు. అదే కవరులో ఉప్పు కట్టిన సంవత్సరమయినను ఒక్క రవ్వ బయటికి రాదు. వాసన ఏ దారిని వచ్చినది? ఇంగువలోని వాసన పదార్థము పాలితీన్‌లోనే కరగినది. నూనెలో కర్పూరము కరగినట్లు ఆ పొరలో కరగి, లోపలినుండి మెల్లగా ప్రాకి, ఆవలిముఖమున వెలువడినది. పొర దానికి గోడ కాలేదు, దారియయ్యెను.

నీటియంత్రపు పొరలోనుండి విషము పోవునదియు ఈ విధముననే. మొదట అది పొర ముఖమున కరగి లోనికి చేరవలెను. పిమ్మట దానిలో నడవవలెను. తుదకు రెండవవైపు నీటిలో దిగవలెను. కావున ఏ మందును గూర్చియైనను రెండు ప్రశ్నలు వేయవలెను. దానికి ఈ పొరతో పొత్తు ఎంత? పొరలో దాని నడక ఎంత వేగము? ఈ నడకకు వ్యాపనమని పేరు. ఎక్కువ యున్న చోటినుండి తక్కువ యున్న చోటికి పదార్థము పోవుననియు, రెండువైపుల తేడా ఎంత పెద్దదయిన అంత వేగముగను, పొర ఎంత పలుచనయిన అంత వేగముగను పోవుననియు జర్మనీ దేశపు వైద్యశాస్త్రజ్ఞుడు ఫిక్ 1855లో లెక్క కట్టి చెప్పెను. ఉప్పునీటి పొరలకు ఈ లెక్కను 1965లో అమెరికా శాస్త్రజ్ఞులు అన్వయించి, కరగుట, ప్రాకుట అను రెండు మెట్లుగా దానిని స్థిరపరచిరి. నేటికిని యంత్రములను ఈ లెక్కతోనే కట్టుచున్నారు.

ఉప్పు ఎందుకు ఆగును? నీటిలో వేసిన వెంటనే ఉప్పు రెండు తునకలగును. ఒక్కొక్క తునకకు విద్యుదావేశముండును. ఆ ఆవేశముచేత అది తనచుట్టు నీటి అణువులను గొంగడివలె కప్పుకొని తిరుగును. ఆ గొంగడిని విడిచి పొరలోనికి పోవుటకు దానికి మనసొప్పదు. పైగా ఈ పాలిఅమైడు పొరకు సాధారణ నీటిలో ఋణావేశము ఉండును, తనవంటి ఆవేశము గలదానిని అది త్రోసివేయును. యూరియాకు ఆవేశము లేదు. నీటితో కలసిమెలసి యుండు చిన్న అణువు. నీరెక్కడ దూరగలదో అదియు అక్కడ దూరును. ఇక చక్కెరకు కూడ ఆవేశము లేదు గాని, అది పైత్రాసులో 342 తూగును. అంత పెద్దది పొరలో నడవలేక ఆగిపోవును.

మన చేతిలోని మీటరు సంగతి ఇప్పుడు చెప్పవలెను. దాని కొసన రెండు చిన్న పుల్లలుండును. ఒకదానినుండి రెండవదానికి నీటి గుండా విద్యుత్తు ఎంత పోవుచున్నదో అది చూచి, దానినే ఉప్పుగా లెక్కించి అంకె చూపును. విద్యుత్తును మోయునది ఆవేశము గల తునక మాత్రమే. ఆవేశము లేనిది ఎంత యున్నను మీటరునకు అది లేనట్లే. నమ్మకము లేనివారు ఇంట చేసి చూచుకొనవచ్చును. యంత్రపు నీరు మూడు లీటరు సీసాలలో తీసికొనుడు. ఒకదానిలో గ్రాము ఉప్పు, ఒకదానిలో గ్రాము చక్కెర, మూడవదానిలో గ్రాము యూరియా వేసి కలుపుడు. ఉప్పు సీసాలో అంకె వేయి దరిదాపునకు దూకును. చక్కెర సీసాలో మొదటి అంకెయే నిలుచును. యూరియా సీసాలో కదలిన కదలక పోయిన, ఏదో కొంచెము. మూడు సీసాలలోను వేసినది ఒకే గ్రాము. (యూరియా సీసాను పిల్లలకు అందకుండ వెంటనే పారబోసి కడుగవలెను. వేరొకరు మంచినీరనుకొని త్రాగు ప్రమాదము కలదు.)

చక్కెరను మీటరు చూడదు, కాని పొర ఆపును. ఉప్పును మీటరు చూచును, పొరయు ఆపును. యూరియావంటి దానిని మీటరు చూడదు, పొరయు పూర్తిగా ఆపదు. మనకు భయము కలుగవలసినది ఈ మూడవ జాతినుండియే.

ఈ జాతిలో చేరునవి చాలవరకు కర్బన పదార్థములు. వీనిని శాస్త్రమున సేంద్రియములనియు అందురు. ఆ మాట వినగానే మన రైతులకు పెంటపోగు, వేపపిండి జ్ఞప్తికి వచ్చును. సేంద్రియమన్న మంచిదేయని అభిప్రాయము. రసాయనశాస్త్రములో ఆ మాటకు కర్బనముతో కట్టిన అణువని మాత్రమే అర్థము. వేపనూనెయు సేంద్రియమే, కలుపుమందును సేంద్రియమే, కిరసనాయిలును సేంద్రియమే.

వీనిలో ఫినాలు అనునది యొకటి. ఆసుపత్రులలో పూర్వము కార్బాలికు ఆసిడని వాడెడివారు. దీని అణువు 94 తూగును, అనగా ఉప్పుకంటె బరువే. అయినను పాత సెల్యులోజు పొరలకు దీనితో ఎంత పొత్తు కలదనగా, కొన్ని ప్రయోగములలో యంత్రములో పోసిన నీటికంటె యంత్రమునుండి వచ్చిన నీటిలోనే ఫినాలు చిక్కగా నుండెను. జల్లెడ న్యాయముతో ఈ వింతను ఎవరును విప్పజాలరు. పొర దానిని ఆశించి పీల్చుకొని ఆవల విడిచినది. నేటి పాలిఅమైడు పొరలు ఇంతకంటె మేలు, కాని వానికిని ఫినాలును ఉప్పువలె ఆపు శక్తి లేదు.

రెండవ సంగతి అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆరంజి కౌంటీ అను జిల్లాలో జరిగినది. అక్కడ మురుగునీటిని ఈ పొరల ద్వారా శుద్ధిచేసి భూమిలోనికి ఎక్కించి, తరువాత బావులనుండి త్రాగునీరుగా తోడుకొనుచున్నారు. 2000వ సంవత్సరములో ఆ ప్రాంతపు బావులలో నైట్రోసో డైమిథైల్ అమీన్ అను పదార్థము కనబడగా కొన్ని బావులను మూసివేసిరి. ఇది క్యాన్సరు పుట్టించునని అనుమానింపబడునది. త్రాసులో 74 తూగును, ఆవేశము లేదు, నీటిలో చక్కగా కలియును. పొర దీనిలో ఇంచుమించు సగమునే ఆపగలిగినది. ఆ రాష్ట్రమువారు దీనికి పెట్టిన హద్దు, లీటరు నీటిలో గ్రామునకు వందకోట్ల వంతులు పది మాత్రమే. 2008 జనవరిలో ప్రారంభించిన వారి క్రొత్త కర్మాగారములో పొర పిమ్మట అతినీలలోహిత కాంతిని కూడ ప్రసరింపజేయుచున్నారు. పొరను దాటిన అణువును ఆ కాంతి విరుగగొట్టును. కోట్లకొలది డాలర్లు వ్యయముచేసి కట్టిన వారికే పొరయొక్కటి చాలలేదు.

మూడవది మరింత మోసకరమైనది. నీటికంటె నూనెతో ఎక్కువ పొత్తు గల మందులు కొన్ని కలవు. క్లోరిపైరిఫాసు అట్టిది, పాలవలె విరిగి నీటిలో తేలునదే తప్ప కరగునది కాదు. ఇట్టి పదార్థములు పొరను తాకగానే దానికి అంటుకొని, గుడ్డలో నూనె ఇంకినట్లు ఇంకును. కావున క్రొత్త పొర పెట్టిన మొదటి దినమున నీటిని పరీక్షించిన, మందు మచ్చుకైన కనబడదు. "చూచితిరా, మా యంత్రము అంతయు తీసివేసినది" అని అమ్మువాడు చెప్పును, అతడు అబద్ధమాడుట లేదు. పొర నిండిన పిమ్మట కథ మారును. ఇంకినది మెల్లగా ఆవలివైపునకు వెలువడ నారంభించును. 2004లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో మానవదేహపు హార్మోనులను ఇట్టి పొరల గుండా పంపి చూడగా, మొదట మిక్కిలి బాగుగా ఆగినవి కొంతసేపటికి దాటిపోవుట స్పష్టమయ్యెను. నీటిలోని మందు తగ్గిన తరువాత కూడ పొర తాను పీల్చుకొన్నది కొంతకాలము వదలుచుండును.

ఇది విని అన్ని మందులును పొరను దాటుననుకొనరాదు. అదియు తప్పే. గడ్డిజాతి పైరులలో వెడల్పాకు కలుపునకు కొట్టు 2,4-డి నీటిలో ఋణావేశమును పొందును. పొర దానిని త్రోసివేయును. మొక్కజొన్నలో వేయు అట్రజిను 216 తూగును. పాలిఅమైడు పొర దానిలో అధికభాగమును ఆపును. అధికభాగమన్న మాటతో తృప్తిపడవచ్చునా యనునదే ప్రశ్న. దానికి లెక్క చూతము.

మన దేశపు త్రాగునీటి ప్రమాణము 2012 నాటిది. దాని ప్రకారము లీటరు నీటిలో అట్రజిను రెండు మైక్రోగ్రాములకు మించరాదు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవంతు. ఒక్క గ్రాము అట్రజిను ఐదు లక్షల లీటర్ల నీటిని ఆ హద్దువరకు చెరచగలదు. ఐదు మీటర్ల అడ్డము, నాలుగు మీటర్ల లోతు నీరుగల బావిలో సుమారు డెబ్బది ఎనిమిది వేల లీటర్లుండును. అనగా అట్టి బావులు ఆరింటికి ఒక గ్రాము చాలును. సగము మందు, సగము పిండిగా అమ్ము పొడి యయినచో రెండు గ్రాములు, చిటికెలతో లెక్కింపదగినది. డబ్బా అడుగున అంటియున్న మడ్డిలో అంతకంటె ఎక్కువే యుండును. ఇక మీటరు మాట. దాని అతి చిన్న అంకె ఒకటి, అనగా లీటరునకు ఒక మిల్లీగ్రాము. అట్రజిను హద్దునకు అది ఐదువందల రెట్లు. మీటరు ఉప్పును కాక మందునే కొలువగలిగినను, దానికి ఒక్కటి కనబడునప్పటికి మనము ఎప్పుడో హద్దు దాటియుందుము.

ఇవి యెక్కడి మాటలో, మన ప్రాంతమున కర్బన విషములు నీటిలో నిజముగా నున్నవా యని అడుగువారికి పటాన్‌చెరువు పేరు చెప్పిన చాలును. అది మనకు ఉత్తరముగా, దూరము కాని చోటనే యున్నది. అక్కడి ఔషధ కర్మాగారములు సుమారు తొంబదింటి మురుగును చేర్చి శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రమునుండి వెలువడిన నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెను. అది శుద్ధి యయిన పిమ్మటి నీరు. 2009లో అచ్చటి చెరువులలోను, ఊరి బావులలోను కూడ మందుల జాడలు ప్రకటితమయ్యెను. ఈ సిప్రోఫ్లాక్ససిన్ పెద్ద అణువు, త్రాసులో 331. దానిని మంచి పొర బాగుగనే ఆపును. కాని ఔషధములు చేయుచోట మెథనాలు, అసిటోను వంటి ద్రావకములు కూడ వాడుదురు. అవి యూరియాకంటెను తేలికయైనవి. అట్టి నీటికి మన ఊరి యంత్రము పెట్టి మీటరుతో కొలిచిన, అంకె నలభైయే రావచ్చును.

పటాన్‌చెరువు నీరు నక్కవాగు మీదుగా మంజీరకు పోవును, మన గండిపేటకు రాదు. మన నీటి దారి వేరు. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచిన పిమ్మట, ఆ నదిపై 1920లో ఉస్మాన్‌సాగరును, ఈసీపై 1927లో హిమాయత్‌సాగరును కట్టిరి. చిలుకూరు, మొయినాబాదు చేలపై కురియు వాన చాలవరకు ఈ రెండింటిలోనికే దిగును. 1996లో వెలువడిన 111వ నంబరు ఉత్తరువు వీని చుట్టు 84 గ్రామములలో కాలుష్యము చేయు కర్మాగారములను వలదన్నది. దాని కట్టుబాట్లను సడలించుచు 2022లో 69వ నంబరు ఉత్తరువు వచ్చినది. ఆ వాదము పెద్దది, ఈ పాఠమునకు చెందదు. ఒక్క మాట మాత్రము చెప్పెదను. ఏ ఉత్తరువును మన భుజముమీది స్ప్రేయరు డబ్బాను ఎక్కడ కడుగవలెనో చూచుటకు మన పొలమునకు రాదు.

యంత్రము నడుపువారికి ఈ కరగుట, ప్రాకుట అను న్యాయము తెలిసిన, చేయవలసినవి కొన్ని వానంతట అవియే బోధపడును. రాత్రి మోటారు ఆపినపుడు ఒత్తిడి పోవును. నీరు నడచుట నిలుచును, కాని ప్రాకునది నిలువదు. తెల్లవార్లును ఉప్పును, మందును పొర గుండా మెల్లగా మంచినీటివైపునకు చేరుచునే యుండును. కావున ఉదయము యంత్రము వేసినపుడు మొదట వచ్చు నీటిని డబ్బాలలో పట్టక కొన్ని నిమిషములు పారవిడువవలెను. దీనిని మీటరుతోనే చూడవచ్చును. మొదటి నీటిలో అంకె ఎక్కువగా నుండి క్రమముగా దిగును. ఉప్పు వచ్చిన దారిని మందును వచ్చును గనుక ఈ ఒక్క చోట మీటరు మనకు సాక్షి చెప్పును. ఓల్టేజి తగ్గి మోటారు నీరసించిన దినమునను ఇంతే. ఒత్తిడి తగ్గిన దిగు నీరు తగ్గును గాని ప్రాకు మందు తగ్గదు, తక్కువ నీటిలో అంతే మందు చేరి చిక్కనగును. వేడియు అట్టిదే. చైత్ర వైశాఖములలో మేడమీది నల్లని ట్యాంకులో కాగిన నీటిని యంత్రములోనికి విడిచిన, పొరలో అణువుల నడక హెచ్చును. ట్యాంకునకు నీడ కల్పించుట పెద్ద వ్యయము కాదు.

బొగ్గు డబ్బాను గూర్చి చాలమంది అశ్రద్ధ చేయుచున్నారు. పొరకు ముందుండు ఆ నల్లని గొట్టములో కొబ్బరిచిప్పల బొగ్గును ప్రత్యేకముగా కాల్చి, లోపల లెక్కలేని సందులుండునట్లు సిద్ధము చేసి నింపుదురు. అది నీటిలోని క్లోరినును తీసివేసి పొరను కాపాడును. అంతకంటె ముఖ్యముగా, పొరతో పొత్తుగల నూనెజాతి మందులను తాను ముందే పట్టుకొనును. అనగా పొర ఎక్కడ బలహీనమో బొగ్గు అక్కడ బలము. కాని దాని కడుపును నిండును. నిండిన బొగ్గు చూపునకు క్రొత్త బొగ్గువలెనే యుండును, నీటి రుచియు మారదు, మీటరు అసలే చెప్పదు. కాబట్టి ఎన్ని వేల లీటర్లకు మార్చవలెనో తయారుచేసినవారు వ్రాసిన లెక్కను గోడమీద వ్రాసిపెట్టి, మార్చిన తేదీని ప్రక్కన వేయవలెను. యూరియావంటి చిన్నవానిని మాత్రము బొగ్గును సరిగా పట్టదు. నీటిని కాచుటవలన ఇట్టి మందులు పోవునని కొందరనుకొందురు. కాచిన క్రిములు చచ్చును. ఆవిరికాని మందు పాత్రలోనే మిగిలి, నీరు తగ్గిన కొలది చిక్కబడును.

యంత్రము వెనుకనుండి వదలు నీటిని ఏమి చేయవలెనని సభ్యులు తరచుగా అడుగుచుందురు. పోసిన నీటిలో సగము మంచినీరై దిగినచో, పొర ఆపినదంతయు మిగిలిన సగములో నుండును. అనగా అందులో మందు రెండింతలు చిక్కన. గచ్చు కడుగుటకు, పాయిఖానాకు అది పనికివచ్చును. దానిని ఇంకుడుగుంతలోనికి విడిచి అదే బోరునుండి మరల తోడుకొను ఏర్పాటు నేనొక గ్రామములో చూచితిని. నీరు వృథా కాకూడదను సదుద్దేశముతోనే చేసినారు. కాని దానివలన పొర ఆపినది దినదినమును వారి బోరునకే మరల చేరుచున్నది.

డబ్బా కడుగుటను గూర్చి ఇక నేను క్రొత్తగా చెప్పునది లేదు. మందు అయిపోగానే చేనిలోనే కొంచెము నీరు పోసి కుదిపి, ఆ నీటిని అదే పైరుపై కొట్టవలెను. ఇట్లు మూడుమార్లు. బావి గట్టున, బోరు దగ్గర, వాగు ఒడ్డున కడుగరాదు. చేనిమట్టిలో సూక్ష్మజీవులు మందును కాలక్రమమున విరుగగొట్టును. బోరు గొట్టము వెంట నేరుగా లోనికి దిగినదానికి ఆ అవకాశము లేదు.

పెద్దరైతుగారి యింటికి ఈ నెల రెండవ వారములో మరల పోయితిని. ఉప్పు, చక్కెర, యూరియా సీసాలు మూడును ఆయన అరుగుమీదనే పెట్టి చూపితిని. ఆయన చక్కెర సీసాలో మీటరును మూడుమార్లు ముంచి చూచి, "గీ మీటరుకు తీపి తెల్వదు గద" అని నవ్వెను. కడుగు బండను బోరునుండి తీసి చేని దిగువగట్టునకు ఆయన కొడుకులు అప్పుడే మార్చిరి. బోరు నీటిని, యంత్రపు నీటిని రెండింటిని పరీక్షకు పంపుటకు నిశ్చయించితిమి. అందుకు ఆ యింటివారు మొదట ఒక ప్లాస్టికు సీసా తెచ్చిరి. అది పనికిరాదు. ఇంగువ పాలితీన్‌లో కరగినట్లే నీటిలోని మందు ప్లాస్టికు గోడలోనికి ఇంకి, పరీక్షాశాల చేరునప్పటికి నీరు ఉన్నదానికంటె శుభ్రముగా కనబడును. గోధుమరంగు గాజుసీసా కావలెను. దానిని గాలి మిగులకుండ మూతివరకు నింపి, మంచుగడ్డల పెట్టెలో పెట్టి, ఎండ సోకకుండ ఆలస్యము లేక చేర్చవలెను. యంత్రపు నీటిని ఉదయపు మొదటి ధారనుండి ఒక సీసా, గంటసేపు నడచిన పిమ్మట మరియొక సీసా పట్టి, ఏది ఎప్పటిదో చీటీమీద వ్రాసి అంటింపవలెను. పరీక్షాశాలవారికి "మందులు చూడుడు" అని చెప్పిన చాలదు. తమ చేలలోను, ఎగువ చేలలోను గడచిన రెండు సంవత్సరములలో కొట్టిన మందుల పేర్లను వరుసగా వ్రాసి ఇవ్వవలెను. వారు పేరు తెలిసినదానినే వెదుకగలరు. అట్టి పట్టిక వ్రాయుటకు సభ్యులు తమ మందుదుకాణపు రసీదులను పారవేయక దాచియుంచినచో పని సులభమగును.